ఎర్రకుక్కను పిలిచిన రోజు

ఆత్మకూరులో ఒక సందు మొగదల గోవిందయ్యకు కిరాణా అంగడి ఉంది. ఆయన భార్య అనసూయమ్మ రోజూ పొద్దున్నే మిగిలిన అన్నంలో మజ్జిగ కలిపి అంగడి పక్కన కుక్కలకు పెట్టేది. అయిదారు కుక్కలు వచ్చేవి. వాటిలో ఎర్రది, ఆమె గొంతు వినబడితే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

ఆ ఎర్రదే ఎదురింటి వెంకటేశ్వరమ్మ మనవరాలు శివానిని కరిచింది. బడి నుంచి వస్తూ పిల్ల చూసుకోక దాని తోక తొక్కింది. పిక్కలో పళ్ళు దిగాయి. పెద్దాసుపత్రిలో సూదులు మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం వెంకటేశ్వరమ్మ అంగడి ముందుకొచ్చి నిలబడింది.

“నీ కుక్క మా పిల్లను కరిచింది, అక్కా.”

“నాదేంది? అది వీధి కుక్క గదా.”

“అన్నం పెట్టేది ఎవురు? పొద్దున్నే అన్నిటినీ ఈడికి చేర్చేది ఎవురు?”

అనసూయమ్మ పిల్లను చూడటానికి వెళదామనుకుని, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక ఆగిపోయింది.

మరుసటి రోజు వీధిలో నలుగురూ చేరారు. రామకృష్ణ అనే రైతు తన ట్రాక్టరు ఇస్తానన్నాడు. “అన్నిటినీ ఎక్కించి నల్లమలలో దించేసి వస్తా. పీడ వదులుతాది.”

గోవిందయ్య పేపరు మడిచి అన్నాడు. “అట్ల ఊరవతల పారేసేకి లేదప్పా. సుప్రీంకోర్టు చెప్పిండాది. పట్టుకోని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి, పట్టిన వీధిలోనే వదలాలంట. రోడ్డు మీద అన్నం పెట్టేకి గూడా లేదంట. మున్సిపాలిటీ చూపించిన జాగాలోనే పెట్టాల.”

చివరి మాట భార్య వైపు చూసి అన్నాడు.

అడవిలో దించితే ఆ కుక్కలు బతకవని అనసూయమ్మకు తెలుసు. అందుకే తానే మున్సిపాలిటీకి వెళ్ళి అర్జీ ఇచ్చింది. వ్యాను వచ్చింది కానీ, వలలు చూడగానే కుక్కలు తలొక సందులోకి పారిపోయాయి. వ్యానులో వచ్చిన మనుషులు మధ్యాహ్నం దాకా తిరిగి అలిసిపోయారు. వాళ్ళ మేస్త్రీ ప్రేమయ్య అంగడి మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు.

“అమ్మా, నువ్వు పిలిస్తే వస్తాయంట గదా.”

“నేను పిల్చి మీకు పట్టియ్యాల్నా?”

“పట్టకుంటే ఆపరేషనెట్ల అయితాది? రేపు ఎవురో ఒకరు విషం పెడతారు.”

“కరిచిన కుక్కను మళ్ళీ వదుల్తారా?”

ప్రేమయ్య నీళ్ళ చెంబు కింద పెట్టాడు. “రోగం ల్యాకుంటే, మరీ మీదబడే రకం కాకుంటే వదుల్తారు. అది డాక్టరు చూసి చెప్పాల. నేను మాటియ్యలేనమ్మా.”

మరునాడు ఆమె ఎప్పటిలాగే అన్నం గిన్నె పట్టుకుని బయటికొచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఎర్రది అన్నిటికంటే ముందొచ్చి గిన్నెలో మూతి పెట్టింది. చాటున ఉన్న ప్రేమయ్య మనుషుల వలలు అన్నిటి మీదా పడ్డాయి. ఎర్రది కొరకలేదు, మొరగలేదు. సన్నగా ఏడ్చింది, అంతే. అనసూయమ్మ గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. ఆ పూట వంట చేయలేదు. గోవిందయ్య అటుకులు నానబెట్టుకుని తిన్నాడు.

ఆ సాయంత్రం ఆమె శివానిని చూడటానికి వెళ్ళింది. వెంకటేశ్వరమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. పీట మాత్రం వేసింది.

రెండు వారాలకు వ్యాను తిరిగొచ్చింది. కుక్కలు ఒక్కొక్కటే దిగాయి. ఆపరేషన్ అయిన గుర్తుగా ప్రతిదానికీ చెవి కొస కొంచెం కత్తిరించి ఉంది. ఎర్రది ఆఖరున దిగింది. అనసూయమ్మ ఒక అడుగు ముందుకేయగానే అది తోక ముడుచుకుని పరుగు తీసింది.

మూతబడిన నూనె మిల్లు గోడ వెనక ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీ వాళ్ళు చూపించారు. ఇళ్ళకూ బడికీ దూరం. పొద్దున్నే ఆమె అక్కడికి గిన్నె మోసుకెళ్ళేది. మిగిలిన కుక్కలు మెల్లగా అలవాటుపడ్డాయి. ఎర్రది దూరంగా నిలబడి చూసేది. ఆమె తిరిగి మలుపు దాటాకే వచ్చి తినేది. మొదట్లో బుజ్జగించి పిలిచి చూసింది. తర్వాత పిలవడం మానేసింది. దాని వాటా వేరుగా, ఒక రాతి మీద పెట్టి వచ్చేసేది.

వెంకటేశ్వరమ్మ కందిబేడలకు అంగడికి రావడం మళ్ళీ మొదలైంది. “ఇంగ ఈడ పెట్టవు గదక్కా?” అని ఒకసారి అడిగింది. “పెట్టను,” అంది అనసూయమ్మ. ఆ సంగతి అంతటితో సరి.

ఎండలు ముదిరాక ప్రేమయ్య మళ్ళీ వచ్చాడు. ఆసుపత్రి వెనక వీధిలో కుక్కలు ఎవరికీ చిక్కడం లేదట.

“అవి నన్నెరగవప్పా. పిలిస్తే వచ్చేకి, ముందు కొన్నాళ్ళు అన్నం పెట్టాల.”

“పెట్టమ్మా. ఆఫీసులో నేను చెప్తా.”

“ఎందుకు పెడతాండానో తెలిసి గూడా పెట్టాల గదా.” ఆమె మెట్టు మీద కూర్చుంది. “వల వేసేటప్పుడు నేనుండను.”

“నువ్వు ల్యాకుంటే అవి రావమ్మా.”

అనసూయమ్మ లేచి లోపలికి వెళ్ళి, ఆసుపత్రి వీధి కుక్కలకని రేపటికి ఇంకో శేరు బియ్యం కొలిచి పెట్టమని భర్తకు చెప్పింది.