చిరచిరలాడే థెరపిస్ట్

ఇంట్లో అందరూ ఆమెను చిరచిర అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది చెల్లెలు, చిన్నప్పుడు ఆమె చేత జడ వేయించుకుంటూ. నలభై మూడో ఏట చిరచిర, తాను హోలిస్టిక్ థెరపిస్ట్‌ననీ, ఇకమీదట ఒంటికీ మనసుకీ కలిపి చికిత్స చేస్తాననీ ప్రకటించగానే చెల్లెలికి తాగుతున్న నీళ్ళు పొలమారాయి.

"నువ్వా? నీ దగ్గరికొస్తే ఉన్న మనశ్శాంతి కూడా పోతుంది కదే అక్కా!"

"అందుకే నిన్ను రమ్మనడం లేదు."

చెల్లెలి భయంలో అన్యాయమేమీ లేదు. అప్పటికి చిరచిర చేయని పని లేదు. బ్యూటీ పార్లర్‌లో తలలు కడిగింది. ఆస్పత్రి వార్డులో ఆయాగా నాలుగేళ్ళు మంచం పట్టినవాళ్ళను అటూ ఇటూ తిప్పింది. తర్వాత వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చుని తిట్లు తిన్నది. ఒకరోజు భర్త జ్వరంతో మూలుగుతుంటే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనేసింది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి హడలిపోయింది. మరునాడే బౌద్ధ ధ్యాన కేంద్రం మెట్లెక్కింది.

అది టైర్ల షాపు పైన ఒక హాలు. నేర్పేది అరవై దాటిన భిక్షుణి, ఎప్పుడూ జలుబుతో ఉండేది. శ్వాసను గమనించమనేది. కిందేమో చక్రాల నట్లు విప్పే మెషీను బర్రుబర్రుమనేది. మూడు నెలలు ఓర్చుకుని చిరచిర పేలిపోయింది.

"ఈ గోలలో శ్వాస ఎలా చూసేదండీ? ఒళ్ళు మండిపోతోంది!"

"ఎక్కడ?"

"ఎక్కడేంటి?"

"ఒంట్లో ఎక్కడ మండుతోంది?"

కాసేపు వెతుక్కుంటే తెలిసింది, దవడలో. ఇల్లు చేరేదాకా ఆ దవడను తిట్టుకుంటూనే నడిచింది. అయినా మళ్ళీ వెళ్ళింది. అలా పదకొండేళ్ళు వెళ్ళింది. కోపం పోలేదు. బయల్దేరిన చోటు మాత్రం తెలిసేది. నోటిదాకా రాకముందే ఒక్కోసారి దాన్ని పట్టుకోగలిగేది, అన్నిసార్లూ కాదు. ఆ మధ్యలోనే రెండేళ్ళ థెరపీ కోర్సు పూర్తి చేసి, ఒక మంచం, రెండు కుర్చీలు పట్టే గది అద్దెకు తీసుకుంది.

వచ్చినవాళ్ళు ఆమె సహనాన్ని పిప్పి చేశారు. ఇరవై ఏళ్ళ నడుంనొప్పి అరగంటలో పోవాలి. ఆ అరగంటలోనే ఫోన్లు కూడా మాట్లాడుకోవాలి. ఒకాయనైతే మంచం మీద బోర్లా పడుకుని ఇల్లు బేరమాడాడు.

అలాంటి రోజుల్లో ఒక టీచరు తన తండ్రిని తీసుకొచ్చింది. ఆయన రిటైరైన లారీ డ్రైవరు.

"మీకు నొప్పి ఎక్కడండీ?" అని చిరచిర ఆయన్ని అడిగింది.

"మెడ వెనకండీ. అంతా టెన్షనే," అంది కూతురు.

"ఆయన్ని అడిగానమ్మా."

"ఆయన చెప్పరండీ."

"మీరు చెప్పనిస్తేగా!"

కూతురిని బయట కూర్చోబెట్టి తలుపేసింది. డ్రైవరు మాత్రం ఏమడిగినా "బాగానే ఉందమ్మా" అన్నాడు. చొక్కా విప్పమంటే మొదటి గుండీ దగ్గరే వేళ్ళు తడబడ్డాయి. మూడుసార్లు జారిపోయింది. వార్డులో అలాంటి వేళ్ళను ఆమె చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"రెండు నెలలవుతోంది. నడుస్తుంటే కాళ్ళ కింద దూది ఉన్నట్టుంటుంది. మా అమ్మాయికి చెప్పకమ్మా, కంగారు పడుతుంది."

ఆమె ఆయన మెడ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. కూతురిని పిలిచి, రేపు పొద్దున్నే నరాల డాక్టరుకు చూపించమంది.

"డాక్టర్లొద్దనే కదండీ మీ దగ్గరికొచ్చింది! మెడ కాస్త పట్టి పంపించలేరా?"

దవడ బిగుసుకోవడం తెలిసింది. తెలిసీ ఆపుకోలేకపోయింది.

"ఆయన చేతులు స్వాధీనం తప్పుతున్నాయమ్మా! నేను మెడ పట్టానంటే ఇంకా పాడైపోతాయి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి!"

టీచరు తండ్రి చెయ్యి పట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. చిరచిర గదికి తాళం వేసి నేరుగా భిక్షుణి దగ్గరికెళ్ళి కూలబడింది.

"మళ్ళీ అరిచానండీ. ఇన్నేళ్ళు కూర్చున్నదంతా బూడిదలో పోసిన పన్నీరే."

భిక్షుణి ముక్కు తుడుచుకుంది. "వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"ఏమో."

"మరి ఫోన్ చేసి కనుక్కోకుండా ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు?"

ఆ రోజూ మర్నాడూ టీచరు ఫోన్ కట్ చేసింది. మూడో రోజు ఎత్తింది. గొంతు నీరసంగా ఉంది.

"చూపించామండీ. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతోందట. ఇంకొన్నాళ్ళు ఆగితే నడక పోయేదన్నారు. ఎల్లుండి ఆపరేషన్."

"నేనొచ్చి మీతో కూర్చుంటాను," అని మాత్రం అంది చిరచిర. వెళ్ళి, ఆపరేషన్ గది బయట ఐదు గంటలు కూర్చుంది కూడా.

మూడు నెలలకు, డాక్టరు సరేనన్నాక, డ్రైవరు శ్వాస వ్యాయామాలకు రావడం మొదలుపెట్టాడు. పూర్తిగా కోలుకోలేదు గానీ కర్రతో సొంతంగా మెట్లెక్కుతున్నాడు. ఒకరోజు ఆయన్ని కిందికి పంపించి టీచరు గుమ్మంలో ఆగింది.

"ఆ రోజు మీరలా అరవకపోతే వెళ్ళేదాన్ని కాదండీ." చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ అంది, "అయినా అంత గట్టిగా అరవక్కర్లేదు."

"నిజమే. అక్కర్లేదు."

"నాకు నిద్ర పట్టడం లేదండీ. నన్ను కూడా చూస్తారా?"

గురువారం నాలుగింటికి రమ్మంది. టీచరు నాలుగూ నలభైకి వచ్చింది, చంకలో దిద్దాల్సిన పుస్తకాల కట్టతో, చెవి దగ్గర ఫోన్‌తో. చిరచిర గట్టిగా ఒక ఊపిరి పీల్చి వదిలింది. అది చాలలేదు, ఇంకోటి పీల్చింది.

"ఆ ఫోను ఇటివ్వండి," అంది. "చెప్పులు విప్పి పడుకోండి."