వెంకటగిరియప్ప పట్టిన చేప

వెంకటగిరియప్ప పెళ్ళి కాకముందు నుంచే గాలం వేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన బెంగళూరు చెరువుల్లోంచి బయటికి లాగినవి బోలెడంత నాచు, ఒక తెగిన చెప్పు, ఒకసారి నా చొక్కా. చొక్కా అప్పుడు నా ఒంటి మీదే ఉంది. అయినా వారం వారం వెంట వెళ్ళేవాణ్ణి. చిన్ననాటి స్నేహితుడు, పైగా వాళ్ళావిడ గౌరమ్మ మూట కట్టి ఇచ్చే చిత్రాన్నం చాలా బాగుంటుంది.

ఆ గౌరమ్మకే చివరికి ఓపిక పోయింది. యుద్ధం రోజులవి, పొయ్యిలోకి కట్టెలు దొరకడం గగనమైపోయింది. మొగుడేమో తన తలకు లేకపోయినా వెదురు గాలం కట్టెకు మాత్రం నూనె రాసి, దేవుడి పటాల వెనక దాచుకుంటున్నాడు.

"ఈ ఆదివారం పొయ్యి మింద చేపల పులుసన్నా ఉండాల, హండా కింద ఆ కట్టెన్నా ఉండాల. నువ్వూ విను మునినారాయణన్నా!" అంది నాతో.

హండా అంటే వాళ్ళ బచ్చలింట్లో, అదే స్నానాల గదిలో, పొయ్యి మీద ఉండే పెద్ద రాగి పాత్ర. ఆదివారం తలంట్లకు నీళ్ళు అందులోనే కాగుతాయి.

వెంకటగిరియప్పకు గుండెల్లో రాయి పడింది. ఆ గాలం కూడా పోతే ఆయన బతుకులో మిగిలేవి మేమిద్దరం పనిచేసే మిల్లూ, గౌరమ్మా మాత్రమే. శనివారం మిల్లు ఒంటిపూట కాగానే సైకిళ్ళెక్కి హెబ్బాళ చెరువుకు పోయాం. ఆ రోజు చేయి సవరించుకుని, ఆదివారం తెల్లారి వచ్చి పట్టాలని ఆయన ఎత్తు. చేపకు ఈ సంగతి తెలియదు. వానపాము సరిగ్గా తడవకముందే మింగేసింది.

మోచేయంత కొరమీను! ఇద్దరం బురదలో పడి, దాని మీద పడి, ఒకరి మీద ఒకరం పడి, చివరికి తడి గోనెసంచిలో కుక్కాం. వెంకటగిరియప్ప గట్టు మీద చతికిలబడి ఏడ్చేశాడు. నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి. సంతోషం కొంత, చేప నా ముఖం మీద తోకతో కొట్టిన దెబ్బ కొంత.

అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ళింట్లో శనివారం నీచు పనికిరాదని. అత్తగారు పాపక్క అయితే తిరుపతి వెళ్ళొచ్చినప్పటి నుంచి ఏ వారమైనా ముట్టదు. శనివారం గడపలో చేప కనిపిస్తే, చేపనూ అల్లుణ్ణీ కలిపి వీధిలోకి విసిరేయగల మనిషి.

"కొరమీను అంత బిరీన చావదప్పా. రాత్రికి హండాలో ఇడుస్తా. చన్నీళ్ళే కదా! తెల్లారి తీసి గౌరమ్మ చేతిలో పెడతా. దాని మొగం చూడల్ల నువ్వు!" అన్నాడు.

కిరసనాయిలు కరువులో బచ్చలింట్లో దీపమెవరు పెడతారు? చీకటి పడుతుండగా చేపను హండాలో వదిలి, నిండా నీళ్ళు తోడిపోసి, మూత పెట్టాడు.

"ఏమన్నా పడిందా?" అంది గౌరమ్మ.

"ఏమీ పడలా," అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను గోడవైపు తిరిగాను.

ఆదివారం పొద్దున పులుసు మీద ఆశతో వెళ్ళాను. సంతోషంతో రాత్రంతా మేలుకున్న వెంకటగిరియప్ప, తీరా తెల్లారే వేళకు నిద్రపోయి, నేను తలుపు కొడితే లేచాడు. బచ్చలింటి కప్పు మీదుగా పొగ వస్తోంది. లోపల పాపక్క గోవిందా గోవిందా అంటూ చెంబుతో నీళ్ళు పోసుకుంటోంది.

"మాటంటే మాటేన్నా," అంది గౌరమ్మ. "పాపం, తప్పు తెలుసుకోని నీళ్ళు కూడా నింపినాడు. నూనె పట్టిన కట్టె కదా, బలే మండింది."

వెంకటగిరియప్ప బచ్చలింటి వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆ ముసలమ్మ తల మీద పోసుకుంటున్నది ఏమిటో చెప్పే మగాడు మా పేటలో పుట్టలేదు. నశ్యం పీల్చి పీల్చి ఆమె ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది, అదొక్కటే అదృష్టం.

పాపక్క తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏం కట్టె ఏసినావే గౌరీ? మోకాళ్ళు పట్టు ఇడిసినాయి!"

"నీ అల్లుడి గాలం కట్టేమ్మా."

"చెరువులో నానిన కట్టె, ఊరికే పోతుందా! ఇంగొకటి కొనుక్కోమను. వారం వారం తీసకపొయ్యి బాగా నానబెట్టమను."

గౌరమ్మ తెల్లబోయింది. మేమిద్దరం లోపలికి వెళ్ళి మూత తీశాం. గాలానికి పడిన ఒకే ఒక్క చేప, తెల్లగా ఉడికి, విడిపోయి, అడుగున ఉంది. వెంకటగిరియప్ప నా చేయి పట్టుకున్నాడు.

"ఎవరూ నమ్మరప్పా. నువ్వన్నా చూసినావు కదా? మోచేయంత ఉన్నింది కదా?"



"మోచేయంతేమప్పా," అన్నాను, "బుజం దాకా ఉన్నింది."