నాలుగో గడి

పొద్దున్నే లేవగానే ఆ ఇంట్లోవాళ్ళు ముందు చూసేది గోడలు ఎక్కడున్నాయా అని. పళ్ళు తోముకోవడం ఆ తర్వాతే.

ఆ రోజు మధ్య గది ఉబ్బింది. పొయ్యికీ గోడకీ మధ్య ఇరుక్కుపోయిన అమ్మ, గరిటె పట్టుకున్న చేతిని ఎటు తిప్పాలో తెలియక కేకేసింది.

"ఏమే! ఇవాళ కూడా కారణాలే రాస్తున్నావా?"

"ఇంకొక్క కారణం అమ్మా. అది అయిపోతే నీ వైపు వదిలేస్తా."

"నిన్న కూడా ఒక్కటే అన్నావు. పప్పులో పడేలా ఉన్నాను ఇక్కడ!"

అమ్మాయి పని నీళ్ళ మోటార్ల కంపెనీకి పుస్తకాలు రాయడం. మోటారు కొన్నవాళ్ళకి పెట్టెలో అడుగున దొరికే పుస్తకం, మోటారు పాడైతే తప్ప ఎవరూ తెరవని పుస్తకం. అందులో ముఖ్యమైనది చివర ఉండే పట్టిక. లోపం, కారణం, చేయాల్సిన పని అని మూడు నిలువు వరుసలు. ఆ పట్టికను ఆమె బొమ్మలా గీయదు, టైపు చేస్తుంది. కీబోర్డు మీద ఉన్న నిలువు గీతే గోడ, అడ్డ గీతలు వరసగా కొడితే పైకప్పు, కూడిక గుర్తు పెడితే మూల. ఉత్త అక్షరాలే. తర్వాత ఓ ప్రోగ్రాం వచ్చి వాటిని చదువుకుని, పుస్తకంలో చక్కటి పట్టికగా మార్చేస్తుంది.

ఇంట్లో కూర్చుని రాస్తుంది కాబట్టి ఇంటి గోడలు ఆ గీతల్ని బట్టి జరిగేవి. మూడు నిలువు వరుసలకి మూడు గదులు. లోపం ముందు గది, కారణం మధ్య గది, చేయాల్సిన పని వంటిల్లు కలిసిన అమ్మ గది. ఇందులో ఎవరూ ముక్కున వేలేసుకునేదేమీ లేదు. కింద వాటా ఆయన మాత్రం ఓసారి పైకొచ్చి, "నేను స్నానం చేసేటప్పుడు అడ్డ గీతలు కదపకమ్మా, నీళ్ళు నెత్తిన పడ్డం లేదు" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు.

బయటి గోడలు మాత్రం కదలవు. ఒక అడ్డ వరుస ఇంత పొడవు దాటకూడదని కంపెనీ నియమం. అందుకే ఒక గదికి పెరిగిందంటే ఇంకో గదికి తరిగినట్టే.

అమ్మాయి ఈ విద్యను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కాలేజీ మధ్యలో మానేసింది. గిటారు సగం నేర్చుకుంది, కేకులు పావు వంతు, ఫొటోలు తీయడం ఇంకా తక్కువ. కాలు ఒకచోట నిలవని మనిషి. ఈ గీతల దగ్గర ఎందుకో నిలిచింది. మొదట్లో మన అక్షరాల్లో ఒకటి లావూ ఒకటి సన్నం కావడంతో గీతలన్నీ వంకరపోయాయి. ఆ వారమంతా గోడలు మెలికలు తిరిగి, తలుపులు పడకపోతే, అత్తే ధైర్యం చెప్పింది. "కానీవే గళ్ళపిల్లా. గుండ్రటి గదిలో పడుకున్నవాళ్ళు లోకంలో ఎంతమంది ఉంటారు?"

అత్త అంటే మేనత్త. నాన్నకి చెల్లెలు. బస్ స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ నోరు ఊరుకోదు. కుక్కర్ కూస్తే తనూ కూస్తుంది, ఫ్యాను కిర్రుమంటే తనూ కిర్రుమంటుంది. అన్నగారు పోయాక కూడా ఆవిడ ఈ ఇంట్లోనే, మధ్య గదిలో, మేనకోడలి పక్క మంచం మీదే ఉండిపోయింది.

ఇప్పుడు అన్నయ్యకి పెళ్ళయింది. ఆదివారం కొత్త కోడలితో వస్తున్నాడు. మధ్య గది వాళ్ళకి. అమ్మాయి ముందు గదిలో సోఫా మీద సర్దుకుంటుంది. అత్త సంగతి ఎవరూ ఎత్తకముందే ఆవిడే చెప్పేసింది, మైకులో చెప్పినట్టు.

"ప్రయాణికులకి విజ్ఞప్తి. శనివారం సాయంత్రం నేను ఆడవాళ్ళ హాస్టల్‌కి వెళ్ళిపోతున్నాను. మంచం మాట్లాడేసుకున్నాను."

అమ్మ కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతూ, "ఇష్టమైతే వెళ్తుంది. ఆడపడుచు గారిని ఆపడానికి నేనెవర్ని?" అంది.

"ఆపమని ఎవరు అడిగారు వదినా?"

"అడగలేదనే అంటున్నా."

అత్త మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగింది. ఆ పెట్టె నేల మీద చేసిన చప్పుడు అమ్మాయి వీపులో దిగింది. ల్యాప్‌టాప్ తెరిచి, కళ్ళు సరిగ్గా కనిపించకుండానే ఏదో ఒక వరుస రాసింది. చివర గీత కొట్టి గడి మూసింది. మూశానో లేదో అనుకుని ఇంకొంచెం జరిగి మళ్ళీ కొట్టింది.

అమ్మ గది పక్కన, నిన్నటిదాకా క్యాలెండర్ వేలాడిన చోట, తలుపొకటి వచ్చింది.

అత్త వెళ్ళి గడియ తీసింది. ట్రంకు పెట్టె పెట్టి, పక్కన మనిషి నిలబడేంత గది. కిటికీ లేదు. కొత్త సున్నం వాసన.

"ఇదెవరిదే?"

"ఎవరిదీ కాదత్తా. గీత ఎక్కువ పడింది. తప్పు."

"తప్పయితే ఏం, పెట్టె పెట్టుకోవడానికి బాగుంది. రెండ్రోజులేగా." పెట్టె లోపలికి వెళ్ళింది. వెనకే స్టూలు. వెనకే అద్దం. కాసేపటికి లోపల్నుంచి పాట. సర్దుకోవలసిన పెట్టెలోంచి బట్టలు బయటికొచ్చి మేకులకి వేలాడుతున్నాయి.

శుక్రవారం పొద్దున అమ్మాయి పుస్తకాన్ని కంపెనీకి పంపింది. ప్రోగ్రాం నమల్లేక ఉమ్మేసింది. మూడు శీర్షికల కింద ఒకచోట నాలుగు గడులున్నాయంది. వెంటనే ఫోను. కంపెనీలో పుస్తకాలు సరిచూసే పెద్దాయన. తెర మీద ఖాళీలు కూడా లెక్కపెడతాడని అందరూ ఆయన్ని భూతద్దం అంటారు.

"అమ్మా, మీ పట్టికలో ఒక గీత ఎక్కువుంది. పుస్తకం మొత్తం ఆగిపోయింది."

"తెలుసు సార్."

"తెలిస్తే తీసెయ్యొచ్చుగా?"

"దాంట్లో మా అత్త ఉంది సార్."

"సామానుతోనా?"

"పెట్టె, స్టూలు, అద్దం."

"మంచం?"

"ఇంకా పట్టలేదు సార్."

ఆయన నిట్టూర్చాడు. "నేనూ సంసారం ఉన్నవాణ్ణేనమ్మా. కానీ శీర్షిక లేని గడిని ప్రోగ్రాం ఒప్పుకోదు. రేపు సాయంత్రానికి పుస్తకం రాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఇది మీ మొదటిది. ఇది ఆగితే రెండోది మీ దాకా రాదు."

"శీర్షిక పెడితే?"

"పెట్టండి. అయితే ఏదో పేరు తగిలించి కింద ఖాళీలు వదిలితే ఊరుకోను. ప్రతి వరుసలోనూ చదివేవాడికి పనికొచ్చే మాట ఉండాలి."

అమ్మాయి చెరిపే మీట మీద వేలు పెట్టింది. నొక్కలేదు, పెట్టిందంతే.

"ఏయ్!" అని లోపల్నుంచి అత్త. "గోడ వణుకుతోందే! అద్దం పడుతుంది!"

వేలు తీసేసింది. 'గమనిక' అని శీర్షిక పెట్టి చూసింది. గమనించడానికేమీ లేదు. 'ఎవరిని పిలవాలి' అని పెడితే అన్ని వరుసల్లోనూ మెకానిక్కే. శనివారం మధ్యాహ్నం దాటినా నాలుగో గడి ఖాళీగానే ఉంది. చేతిలో ఒక్క మీట దూరంలో ఉద్యోగం. అదే మీట కింద అత్త.

అప్పుడు మెట్ల కింద మోటారు మొదలైంది. ట్యాంకు నింపడం ఎప్పుడూ అత్త పనే. కింద స్విచ్ వేసి పైకొస్తూ ఆవిడ ప్రకటించింది. "దయచేసి వినండి. మన మోటారుకి మళ్ళీ దగ్గొచ్చింది. ఖళ్ళు ఖళ్ళు ఖణేల్. కిందటిసారి రాయి పడినప్పుడు ఇలాగే దగ్గింది."

అమ్మాయి తలెత్తింది. "అత్తా, బేరింగ్ అరిగినప్పుడు?"

"మీ బడి టీచరు పలక మీద గోరుతో గీసినట్టు. కీఈఈచ్."

"కెపాసిటర్ పోయినప్పుడు?"

"మ్మ్‌మ్‌మ్ అని మూలుగుతుంది, లేవదు. సోమవారం పొద్దున మీ అన్నయ్యలాగ."

అమ్మాయి లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. మోటారు పాడైనవాడు దాని ముందు గొంతుక్కూర్చుని ఉంటాడు. లోపల ఏముందో వాడికి కనబడదు. వినబడుతుంది! నాలుగో నిలువు వరుస మీద 'వినిపించేది' అని టైపు చేసింది.

టైపు చేసి ఆగింది. చోటు లేదు. వరుస పొడవు అప్పటికే అంచుకొచ్చింది. ముందు గదిలోంచి తీస్తే తన సోఫా పట్టదు. మధ్య గదిలోంచి తీస్తే కొత్త దంపతులు ఒకరి మీద ఒకరు...

"నా గదిలోంచి కొయ్యి."

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు.

"ఇప్పటికే పొయ్యి దగ్గర నీకు..."

"మంచం పడితే చాలు. నేనేమైనా ఆ గదిలో పరుగుపందేలు పెట్టుకున్నానా?"

"మరి బీరువా?"

"ఆవిడ గదిలో పెట్టండి. సగం చీరలు ఆవిడ కట్టినవేగా, నన్నడక్కుండా."

అత్త గడప దగ్గరే ఆగిపోయింది. "అడిగితే ఇచ్చేదానివా వదినా?"

"అడిగి చూశావా ఎప్పుడైనా?" అంది అమ్మ. గొంతు మాత్రం కొట్లాటలో ఉండే గొంతు కాదు. "నువ్వడగవు, నాకు చెప్పడం చేతకాదు. ఆయనుంటే మధ్యలో ఏదో ఒకటి అనేవాడు. సరే, కానివ్వవే, ఎక్కడ కొయ్యాలి?"

చేయాల్సిన పని కింద ఉన్న మాటలన్నీ కోయాలి. మాట తగ్గితే గడి తగ్గుతుంది. 'దయచేసి తగిన జాగ్రత్తలు తీసుకుని పరిశీలించవలసిందిగా కోరుతున్నాము' అని ఉన్నచోట అమ్మ వేలు పెట్టింది. "చూడండి అంటే చూడరా? కోరడమెందుకు?" ఒక్క దెబ్బకి అత్త గదిలో మంచం పట్టేంత చోటొచ్చింది. 'తప్పనిసరిగా' పోయింది, 'సదరు' పోయింది. ఊపు మీదున్న అమ్మ 'స్క్రూ' కూడా తీసేయమంటే అమ్మాయి ఒప్పుకోలేదు.

అత్త స్టూలు మీద కూర్చుని ఒక్కో మోత వినిపించింది. పైపు పగిలితే 'సుయ్‌మని', వాల్వు ఇరుక్కుంటే 'టకటకా, ఆగి మళ్ళీ టకటకా'. లోపల గాలి చేరినప్పటి మోత దగ్గర మాత్రం తడుముకుంది. "అది... గుర్రు, గుర్రు, ఫుస్. ఎక్కడో రోజూ విన్నట్టే ఉంటుంది, ఎక్కడో గుర్తు రాదు." అమ్మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వు మింగేసి, అలాగే రాశారు.

చివరి వరుస మిగిలింది. లోపం, మోటారు అసలు తిరగదు. కారణం, కరెంటు రావడం లేదు.

"ఇక్కడేం వినిపిస్తుందత్తా?"

ట్యాంకు నిండినట్టుంది, కింద వాటా ఆయన మోటారు ఆపేశాడు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. కిటికీలోంచి ఎండ వాలింది. హాస్టల్‌కి వెళ్ళాల్సిన వేళ అయింది.

"ఏముంటుందే. రేపట్నుంచి ఈ ఇల్లెలా ఉంటుందో, అలా" అంది మెల్లగా.

"అయితే ఆ వరుస కొట్టెయ్" అంది అమ్మ.

"కొట్టెయ్యకూడదమ్మా, కరెంటు లేకపోతే ఏం చెయ్యాలో జనానికి..."

"జనానికి కరెంటు లేదని మోటారు చూసి తెలుస్తుందా? ఫ్యాను చూస్తే తెలీదూ? కొట్టెయ్యమన్నానా. అలాంటి వరుస మన ఇంట్లో వద్దు." అని కొంగుతో మొహం తుడుచుకుని, అత్త వైపు చూడకుండానే, "ఆ హాస్టల్ వాళ్ళ నంబరేదో ఇవ్వు. మంచం అక్కర్లేదని నేనే చెప్తా" అంది.

అత్త నంబరు చెప్పింది. మైకు గొంతుతో మొదలుపెట్టింది కానీ సగంలో గొంతు జారిపోయి, మిగతా అంకెలు మామూలు మనిషిలా చెప్పింది.

అమ్మాయి చివరి వరుసను చెరిపేసి, అన్ని వరుసల్లోనూ గీతలు ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయో లేదో చూసుకుని పంపింది. ఈసారి ప్రోగ్రాం కిక్కురుమనలేదు. కొత్త గదిలో కిటికీ కూడా వచ్చింది.

భూతద్దం ఫోను చేసినప్పుడు వెనక ఏదో మోటారు మోగుతోంది. "మా ఇంటిదేనమ్మా. మూడు నెలలుగా దీని జబ్బేమిటో తెలియక చస్తున్నాను. మీ నాలుగో గడి చదివి చెవి పెట్టి విన్నాను. టకటకా, ఆగి మళ్ళీ టకటకా. వాల్వే! రెండో పుస్తకం కంపెనీ కొత్తగా తెస్తున్న బట్టలుతికే మెషీను. మెషీన్నే ఇంటికి పంపిస్తున్నాం, మీ అత్తగారిని తీరిగ్గా వినమనండి. ఆవిడ పనికి కూడా డబ్బు లెక్కకట్టి ఇస్తారు." ఫోను పెట్టేస్తూ అడిగాడు, "మంచం పట్టిందా?"

"పట్టింది సార్."

ఆదివారం అన్నయ్యా కొత్త కోడలూ వచ్చారు. అన్నయ్య అలవాటుగా గోడలు ఎక్కడున్నాయో చూసుకుని, నాలుగో తలుపు ముందు ఆగి, "ఇది కొత్తదా?" అన్నాడు. "శీర్షిక పెట్టాం" అంది అమ్మ. సరేనని పెట్టెలు లోపల పెట్టుకున్నాడు.

భోజనాలయ్యాక కొత్త కోడలు ముందు గదిలో కూర్చుని, అమ్మాయి ప్రింటు తీసి పెట్టుకున్న మోటారు పుస్తకం పేజీలు తిరగేస్తోంది. ఉన్నట్టుండి చెవులు రిక్కించింది. ఎక్కడో గుర్రు, గుర్రు, ఫుస్.

"అత్తయ్యా, మోటారు పాడైనట్టుంది. ఇదిగో, ఇందులో ఉంది. వినిపించేది: గుర్రు గుర్రు ఫుస్. కారణం: లోపల గాలి చేరింది."

"చేయాల్సిన పని ఏమని ఉందమ్మా?" అంది అమ్మ, వేరుశనక్కాయలు ఒలుస్తూ.

కొత్త కోడలు వేలు పెట్టి పక్క గడి చదివింది. "కదపకుండా ఉండనివ్వండి."

అమ్మ మూసి ఉన్న నాలుగో తలుపు వైపు చూసింది.

"అదే చేస్తున్నాం" అంది.