వేమవరపు వారి చెట్టు

నేను ఒక చెట్టును. కంప్యూటర్ తెర మీద ఎడమ పక్కన ఉంటాను. ప్రతి కొమ్మ దగ్గరా చిన్న కూడిక గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే కొమ్మ విచ్చుకుని లోపలున్నవన్నీ వరసగా చూపిస్తాను. ఇంతలా చెప్పిన మాట వినేదాన్ని కదా అని మెత్తనిదాన్ననుకునేరు. నాకు పగ పట్టడం తెలుసు, తీర్చుకోవడమూ తెలుసు.

కాకినాడలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో వేమవరపు సింధూర అనే అమ్మాయి నన్ను తయారుచేసింది, గోదావరి పక్కనున్న ఒక చక్కెర ఫ్యాక్టరీ కోసం. ఫ్యాక్టరీలో విభాగాలు, విభాగాల్లో మనుషులు, వాళ్ల పక్కనే మిషన్లు. మూడు జాతులూ ఒకే చెట్టుకు కాయాలి. ఇలాంటి చోట చాలామంది మనిషినీ మిషన్నీ ఒకే మూసలో పోసి చేతులు దులుపుకుంటారు. ఆ పిల్ల అలా చేయలేదు. ఏది ఎదురైతే దాన్ని ఎలా చూపాలో నాకు విడివిడిగా నేర్పింది. మనిషైతే పేరూ, షిఫ్టూ. మిషనైతే నంబరూ, ఆఖరిసారి నూనె వేసిన తేదీ. మూడు నెలలు కూర్చుంది. నేను తప్పు లేకుండా విచ్చుకున్న రోజున సీట్లోనే చిన్నగా చప్పట్లు కొట్టుకుంది.

ఆమె పైఅధికారి చంద్రకిరణ్. నన్ను చూడగానే అతనికి నోరూరింది. ఫ్యాక్టరీ వాళ్లకు నచ్చితే అక్కడి సాఫ్ట్‌వేర్ పని మొత్తం నన్ను చేసినవాళ్లకే అప్పగిస్తారని అందరికీ తెలుసు. కాగితాల మీద 'తయారుచేసినవారు' అన్నచోట తన పేరు వేసుకుని, సింధూరను వేరే పనికి మార్చేస్తున్నట్టు చెప్పాడు. "టీమ్ వర్క్ కదమ్మా, పేర్లతో పనేముంది?" అన్నాడు. పని లేకపోతే తన పేరెందుకు వేసుకున్నట్టో!

అంతటితో ఆగితే నేనూ ఊరుకునేదాన్నేమో. నా పాఠాలున్న ఫైలు నెత్తిన సింధూర పేరు ఉందని ఆ ఫైలునే పీకి పారేశాడు. బదులుగా నాలుగు లైన్లు గిలికాడు, అవీ విభాగాలకు మాత్రమే. పైపైన విభాగాలు కనిపించగానే మురిసిపోయి మూసేశాడు. ఒక్క కొమ్మ విప్పి చూసిన పాపాన పోలేదు.

ఇక్కడ నా గుణం ఒకటి చెప్పాలి. ఒక వస్తువును ఎలా చూపాలో ఎవరూ చెప్పకపోతే నేను నోరు మూసుకోను. ప్రోగ్రామ్ రాసినవాళ్లు దానికి పెట్టిన ఇంటిపేరు ముందు, జాతి పేరు తర్వాత చదివేస్తాను, అచ్చం తెలుగువాళ్లలాగే. మొదటిరోజు ఇంకేమీ తోచక సింధూర అన్నిటికీ తన ఇంటిపేరే పెట్టింది. చంద్రకిరణ్‌కు ఆ సంగతి తెలియదు. నేను కాచుకుని కూర్చున్నాను.

నన్ను చూపించే రోజున ఫ్యాక్టరీలో పెద్ద తెర దించారు. ముందు వరసలో జనరల్ మేనేజర్ ముత్యాల సత్యానందం గారు, ఆయన చుట్టూ ఇంజనీర్లు. కంపెనీ వాళ్లతో పాటు వచ్చిన సింధూర చివరి వరస కుర్చీలో ఉంది. చంద్రకిరణ్ "ఇది నా డిజైన్" అంటూ చెరకు ఆడే విభాగం మీద నొక్కాడు. నేను విచ్చుకున్నాను. వేమవరపు.మెషీన్. వేమవరపు.మెషీన్. వేమవరపు.ఎంప్లాయీ. కిందిదాకా అంతే.

సత్యానందం గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఏవండీ, ఈ మిషన్లన్నీ మేం కొన్నయ్యండి. ఈ వేమవరపు వారెవరండీ? పైగా మా మనుషులందరికీ ఇంటిపేరు మార్చేశారేంటండీ?"

గదిలో అందరూ గొల్లున నవ్వారు. చంద్రకిరణ్ కంగారుగా ఇంకో చోట నొక్కాడు. ఇంకో నలభైమంది వేమవరపు వారు దిగారు. అతనికి చెమటలు పడుతుంటే నాకు పండగలా ఉంది.

సింధూర లేచి నిలబడింది. "వేమవరపు మా ఇంటిపేరండి."

"నువ్వు సరిచేయగలవా అమ్మా?" అని అడిగారు సత్యానందం గారు.

"పది నిమిషాలండి. పాత ఫైలు నా దగ్గరుంది. కానీ దీన్ని ఎవరు తయారుచేశారో ముందు మా సార్‌ని చెప్పమనండి."

చంద్రకిరణ్ నేలచూపులు చూస్తూ గొణిగాడు. "సింధూరే చేసింది."

"వినపడలేదు సార్," అంది సింధూర.

అతను మళ్లీ చెప్పాడు, ఈసారి లేచి నిలబడి. ఫ్యాక్టరీ పని సింధూరకే వచ్చింది.

తొమ్మిదేళ్లయింది. ఫ్యాక్టరీకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నేనున్న ఈ చివరి కంప్యూటర్‌ను రేపు పాత సామాన్ల బండి ఎక్కిస్తారట. పోయేముందు మనసు తేలిక చేసుకోవాలంటారు. నేను చంద్రకిరణ్‌ను క్షమించలేదు. సింధూర అతనిచేత మూడోసారి కూడా చెప్పించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.