వంటవాడు చూడని ఓడ

నేను ఒక బైనాక్యులర్ని. దుర్భిణి అని పిలిచినా పలుకుతాను. భూతద్దం అన్నారంటే మాత్రం మర్యాద దక్కదు, ముందే చెబుతున్నా. ఒళ్ళంతా ఇత్తడి, పైన నల్ల తోలు, వయసు నలభై దాటింది. ఈ వయసులో నాకున్న చూపు నన్ను వాడినవాళ్ళలో సగం మందికి లేదు.

ఎక్కడో చలి కొండల కింద ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నా అద్దాలు అరగదీసినాయన పొద్దస్తమానం తుమ్ముతూనే ఉండేవాడు. ఆ తుమ్ముల మధ్య ఇంత తిన్నగా ఎలా తయారయ్యానో దేవుడికే తెలియాలి. అక్కణ్ణించి పెట్టెలో పెట్టి విశాఖపట్నం పంపారు. నేవీ వాళ్ళ యుద్ధనౌక ఒకదాని మీద, కెప్టెన్ నిలబడే పై గదిలో, కొక్కానికి తగిలించారు. శత్రువుల ఓడల్ని కనిపెట్టడం నా ఉద్యోగం. పదకొండేళ్ళలో ఒక్క శత్రువైనా ఎదురుపడితే ఒట్టు! కనిపించినవల్లా చేపల పడవలు, డాల్ఫిన్లు, రేవు దగ్గర పడేసరికి బీచ్ రోడ్డు మీద కాలేజీ అమ్మాయిలు. ఈ మూడోదాని మీద కుర్ర ఆఫీసర్లు పెట్టిన శ్రద్ధ మొదటిదాని మీద పెట్టి ఉంటే ఈ సముద్రంలో ఏ చేపకు ఎన్ని పొలుసులో కూడా లెక్క తేలిపోయేది.

తర్వాత ఒక పక్క తోలు ఊడిందని నన్ను పనికిరాని సామాన్లలో పడేశారు. తోలు ఊడితే చూపు పోతుందా? ఎవరితో చెప్పుకోను! పాత సామాన్ల కొట్టు నుంచి నన్నొక తాపీమేస్త్రి కొన్నాడు. కూలీలు బీడీలు తాగుతున్నారేమోనని మూడో అంతస్తు మీంచి నాతో కాపలా కాసేవాడు. యుద్ధనౌక మీంచి బీడీల మీదకు దిగాను. చివరికి ఆయనా విసుగొచ్చి అదే కొట్లో పడేశాడు. అక్కడ దొరికాడు నాకు దాడి పరదేశినాయుడు.

నా వీపు మీద చెక్కిన ఓడ పేరు చదివి ఆ మనిషి కొట్లోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదే ఓడలో పదకొండేళ్ళు వంటవాడట! ఇద్దరం ఒకే ఓడలో ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎలా చూస్తాం? నేను పైన, ఆయన అడుగున. ఆ వంటగదికి కిటికీ అన్నది లేదు. ఓడ రేవు దాటుతుంటే ఉల్లిపాయలు తరిగేవాడు, తిరిగొస్తుంటే అంట్ల గుండిగలు. రెండు వందల మందికి వండి వార్చిన మనిషి, ఆ ఓడ నీళ్ళ మీద నడుస్తుంటే బయటినుంచి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాటకొస్తే నేనూ చూడలేదు. నా చూపెప్పుడూ బయటికే కదా.

కళ్ళు మూసేలోగా మా ఓడ నడుస్తుండగా చూడాలి. పరదేశినాయుడి కోరికంతా ఇదే. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే నన్ను మెళ్ళో వేసుకుని బీచ్ గట్టు మీదకొచ్చేవాడు. అక్కడ ఇంకో నలుగురు ఓడల పిచ్చోళ్ళు తయారు. వచ్చే ఓడ, పోయే ఓడ ముక్కు మీద నంబరు చదవడం, ఏ ఓడో చెప్పడం, పుస్తకంలో రాసుకోవడం. ఇంట్లో చెప్పిన కూరగాయలు మర్చిపోతారు గానీ పదేళ్ళ కిందటి ఓడ నంబరు మర్చిపోరు.

ఇంత చేసినా మా ఓడ దొరకలేదు. నాయుడు రిటైరైన ఏడాదే దాన్ని పడమటి తీరానికి పంపేశారు. అది తిరిగొచ్చిన రోజున ఈయన నర్సీపట్నంలో బావమరిది కూతురి పెళ్ళిలో పంక్తిలో కూర్చుని ఉన్నాడు. భార్య అచ్చియ్యమ్మ మీద ఆ కోపం ఇంకా తీరలేదు. వచ్చిన ఓడ లోపలి జెట్టీలోకి పోయి కూర్చుంది. వయసైపోయిందని జెండా దించేశారు, తుపాకులు విప్పేశారు, ముక్కు మీద నంబరు రంగుతో కప్పేశారు. ముక్కలు చేయడానికి దాన్ని లాక్కుపోయే రోజు కూడా ఖాయమైంది. ఇక చూస్తే ఆ రోజే చూడాలి.

సరిగ్గా అప్పుడే నాయుడి కళ్ళకు శుక్లాలు ముదిరాయి. ఆ సంగతి ఒప్పుకుంటాడా? అబ్బే! నాకు బూజు పట్టిందన్నాడు. చొక్కా అంచుతో తుడిచాడు, ఎండలో పెట్టాడు, చివరికి కళ్ళజోళ్ళు బాగుచేసే గౌస్ భాయ్ దగ్గరికి మూడుసార్లు తిప్పాడు. మూడోసారి గౌస్ భాయ్ నన్ను బల్ల మీద పెట్టి, "నాయుడుగారూ, దీనికేం జబ్బు లేదు. ఈసారి మీరొక్కరే ఆస్పత్రికి పోండి" అన్నాడు. అంతే, ఆ కొట్టుకు పోవడం మానేశాడు. ఆపరేషన్ చేయించుకోమని అచ్చియ్యమ్మ పోరితే, "కళ్ళకి కట్టు కట్టేత్తారు. ఆ టయానికి ఓడ ఎల్లిపోతే ఎవుడిదీ పూచీ?" అన్నాడు. ఆడిన మాటలో న్యాయం లేకపోలేదు. మధ్యలో నా పరువెందుకు తీయాలని నా బాధ.

ఆ రోజు రానే వచ్చింది. నాయుడు ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని పెందరాళే గట్టెక్కాడు. తొమ్మిదింటికి రేవు ఛానల్లోంచి పెద్ద ఆకారం ఒకటి బయటికొచ్చింది. నన్ను కళ్ళకు అదుముకుని, "అదిగో! అదే!" అని అరిచి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. ఆయన మాట నమ్మి పిచ్చోళ్ళు నలుగురూ కొట్టారు. నాకు మాత్రం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. అది రేవులో ఇసక తోడే డ్రెడ్జర్. దాని మీద ఒకతను బనీన్లు ఆరేసుకుంటూ, ఈ గౌరవం దేనికో తెలియక చెయ్యి ఊపాడు. ఆ నలుగురూ కన్నీళ్ళు తుడుచుకుని టిఫిన్‌కు పోయారు. ఒరేయ్, ఆగండ్రా అని అరుద్దామంటే నాకు కళ్ళే ఇచ్చారు గానీ నోరివ్వలేదు.

నాయుడొక్కడే గట్టు మీద మిగిలాడు. అప్పుడొచ్చింది పోలమ్మ, చేపల గంప నెత్తిన పెట్టుకుని. పదిహేనేళ్ళుగా రోజూ ఈ దారినే పోతుంది. చదువు లేకపోయినా ఓడల నంబర్లన్నీ వట్టి కంటితోనే చెప్పేస్తుంది, అందుకని నలుగురికీ ఆవిడంటే కడుపుమంట.

"ఏటి నాయుడుగోరూ, ఇందాక ఇసకోడకి దణ్ణవెట్టేరేటి?" అంది ఫక్కున నవ్వి.

నాయుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇది చూసి పోలమ్మ నవ్వు ఆపేసింది. సముద్రం వేపు చూసి, "అల్లదిగో, ఇంకోటొత్తంది. నంబరు కనబణ్ణేదు. తుడిసేసినట్టున్నారు" అంది.

"నంబరు నేదా? అదేనే! అదే మాది!"

నన్ను కళ్ళకు పెట్టుకున్నాడు. తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఓడ ఛానల్ దాటి పెద్ద సముద్రంలోకి పోతోంది. చివరికి మెళ్ళోంచి పట్టీ తీసి, నన్ను పోలమ్మకు ఇచ్చేశాడు.

"నాకు ఆనడం నేదే. నా కళ్ళే పోయేయి. నువ్వు సూసి సెప్పు."

ఎన్నాళ్ళకు ఒప్పుకున్నావయ్యా! కానీ గెలిచానన్న సంతోషం నాకు లేశమైనా కలగలేదు.

పోలమ్మ కళ్ళతో మా ఓడను నేను మొదటిసారి చూశాను. ఒళ్ళంతా తుప్పు చారలు. తుపాకులు పీకేసిన చోట గుంటలు. నేను వేలాడిన గదికి అద్దాలు లేవు. ముందు ఒక చిన్న టగ్గు పడవ తాడు కట్టి ఈడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు.

"ఎలగుందే?" అన్నాడు నాయుడు.

"అబ్బో! పసుపూ కుంకం ఎట్టి కొత్త పడవని గంగలో దింపినట్టుంది, నాయుడుగోరూ. పైన జెండా ఎగురుతంది. జోరుగా ఎల్తంది. నీళ్ళు రెండు పక్కలా తెల్లగా సీలిపోతన్నాయి."

"పొగొత్తందా?"

"రాకేటి? నల్లగా పైకి నేత్తంది."

నాయుడు, "పోలీ, దాని ఇంజిన్లు పీకేసి ఆర్నెల్లయిందే" అన్నాడు.

పోలమ్మ నన్ను కళ్ళమీంచి దించలేదు. "మరి నాకు కనబడతంది కదేటి" అంది మొండిగా.

నాయుడు గట్టు మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని చాటునించే అన్నాడు: "సరే. ఇంకోపాలి సెప్పు. ఈసారి నెమ్మదిగా సెప్పు."

పోలమ్మ గంప దించి పక్కన పెట్టుకుని, జెండా దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.