పచ్చ కలోసీలను లాక్కుపోయిన చెయ్యి

మా అమ్మ పోతూ పోతూ నా చేతిలో పెట్టింది పదకొండు దుంపలు. పచ్చ కలోసీ దుంపలవి. పువ్వు నెమలి కంఠం రంగులో ఉంటుంది, నడుమ నల్లటి కన్ను. దక్షిణాఫ్రికాలో మా టల్బాగ్ ఊళ్లో ఇప్పుడు వాటిని పెంచేది ఇద్దరమే, నేనూ, కంచె అవతలి ఫైకీ. సెప్టెంబరు పూల పోటీలో ఏటా మొదటి బహుమతి నాది, రెండోది ఆమెది.

ఏప్రిల్లో నాటాను. వానలు పడగానే ఆకులు లేచాయి. జూలై వచ్చేసరికి ఆరు మొక్కలు మాయం. గొయ్యి లేదు, తెగిన ఆకు లేదు. ముళ్లపంది అయితే మడంతా తిరగేసి పోతుంది. నేల కిందే సొరంగాలు తవ్వి దుంపలు ఎత్తుకుపోయే మట్టి ఎలుక రాకుండా మా ఆయన బతికున్నప్పుడే అడుగున ఇనుప వల పరిచాడు. ఇక మిగిలింది మనిషి చెయ్యే అనుకున్నాను. పాస్టరమ్మ ఒక్కదాని చెవిలోనే వేశాను. అంటే ఊళ్లో దండోరా వేయించినట్టే.

ఆ ఆదివారం ఫైకీ చర్చిలో నా పక్కన కూర్చోలేదు. నలభై ఏళ్లలో అదే మొదటిసారి. నా అనుమానం నిజమైతే స్నేహితురాలు పోయినట్టు, అబద్ధమైతే నా పరువు పోయినట్టు. నిజం చెప్పొద్దూ, అబద్ధమే కావాలని ప్రార్థించాను.

సోమవారం వాన తెరిపిచ్చింది. ఫైకీ కంచె దగ్గరకొచ్చింది.

"ఏమే డ్రీకా, నేను దొంగనంటగా?"

"నేనలా అన్లేదు. ఎవరో పీకారన్నా."

"ఈ వీధిలో కలోసీ మొహం తెలిసిందాన్ని నేను కాక ఇంకెవరే? రా, వచ్చి మా మడి వెతుక్కో."

"దొంగిలించినవాళ్లు మడిలో పెడతారేంటి?"

ఫైకీ కంచె పట్టుకుని ముందుకు వంగింది. నా వెనక్కి చూస్తోంది.

"కదలకు. నీ ఏడో మొక్క చూడు."

తిరిగి చూశాను. గాలి లేదు. ఆకులు వణికి, వేలెడు లోతు భూమిలోకి దిగాయి. ఆగి మళ్లీ దిగాయి. చివరికి ఉత్త మట్టే మిగిలింది.

పార తెచ్చి తవ్వాను. ఫైకీ కంచె దాటొచ్చి చేతులతో మట్టి తీసింది. ఇరవై ఏళ్ల ఇనుప వల నా చేతివేళ్ల మధ్య ఎర్రటి తుప్పు పొడై రాలింది. దాని కింద మట్టి ఎలుక కొట్టు, అందులో దుంపల పోగు. ఒక్కదానికీ పంటిగాటు లేదు. అమ్మయ్య, ఫైకీ కాదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కానీ లెక్కపెడితే పదిహేను. నావి పోయినవి ఏడే.

"మిగతావి నావి," అంది ఫైకీ. "మే నెల్నుంచీ పోతున్నాయ్."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వేననుకున్నా," అంది మట్టి దులుపుకుంటూ. "మీ అమ్మ పువ్వు మీద నీకంత పిచ్చి కదా, పోనీలే, ఉంచుకో అనుకున్నా."