ఏడు అని చెప్పిన ఫ్యాను

నేను ఒక చిన్న ఫ్యానుని. అరచేతిలో ఇమిడిపోతాను. ఇంటికప్పుకి వేలాడే రకం కాదు, కంప్యూటరు పెట్టెలో కూర్చుని అది వేడెక్కిపోకుండా గాలి కొట్టే రకం. నాకు మూడు స్పీడులు, ఆగితే సున్నా. ఎన్నో స్పీడులో ఉన్నావని అడిగితే ఒక తీగ మీద జవాబు చెప్పాలి. తిరగడం, అడిగినదానికి బదులివ్వడం, నా బతుకంతా ఈ రెండు పనులే.

ఎక్కడ పుట్టానో తెలియదు. ఊహ తెలిసేసరికి విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో, పైడితల్లి బల్ల మీద ఉన్నాను. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. నన్ను నడిపే ప్రోగ్రాము, అదే డ్రైవరు, ఆమే రాసింది. అందులో నాలుగు వరుసలు నా కోసమే. ఫ్యాను నమ్మలేని జవాబు చెబితే ఆ జవాబుని పక్కన పెట్టు, ఫ్యానుని మాత్రం పూర్తి స్పీడులో తిప్పు అని.

పైఅధికారి ఫణి సార్ అది చూసి నవ్వారు.

"మూడు స్పీడుల ఫ్యాను నాలుగని ఎందుకు చెబుతుందమ్మా? చెప్పిందంటే అది మన ఫ్యానే కాదు, తోసెయ్. ఇంత భయమైతే ఉద్యోగం ఎలా చేస్తావు?"

"సరే సార్" అంది పైడితల్లి. పెద్దవాళ్ల మాటకి ఎదురుచెప్పడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. నాలుగు వరుసలూ తీసేసింది.

నన్ను పెట్టెలో బిగించి, భీమిలి దాటాక సముద్రం ఒడ్డునున్న రొయ్యపిల్లల హేచరీకి పంపారు. తొట్టెల నీళ్లలో గాలి తగ్గితే సైరన్ మోగించడం మా పెట్టె పని. మేం రాకముందు అది అక్కడ పనిచేసే ఎర్రయ్య పని. పావుగంటకోసారి తొట్టెల మధ్య నడుస్తూ బుడగల చప్పుడు వినేవాడు.

"ఏటే, నాకంటే బాగా వినపడతాదా నీకు?" అని పెట్టెని తట్టి ఎగతాళి చేసేవాడు. పోనుపోను నమ్మాడు. మనుషులంతే, మొదట అస్సలు నమ్మరు, నమ్మాక ఇక తిరిగి చూడరు.

రెండేళ్లు ఉప్పుగాలి తిన్నాను. రెక్కలకేం కాలేదు గానీ జవాబు చెప్పే తీగ తుప్పుపట్టింది. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. పెట్టె మేలుకుని అలవాటుగా నన్ను పలకరించింది. సున్నా అనబోయాను. తీగలోంచి ఏడు అని వెళ్లింది.

డ్రైవరు నన్ను తోసేసింది. ఫ్యాను లేదని రాసుకుంది. నేను అక్కడే ఉన్నాను, తిరిగే ఓపిక ఉంది, తిరగమనేవాళ్లే లేరు. రేకుల షెడ్డు నిప్పులు చెరుగుతోంది. అరగంటకి పెట్టె వేడి తట్టుకోలేక ఆగిపోయింది. కరెంటొచ్చినా మూడో తొట్టెకి గాలి కొట్టే మోటారు అందుకోలేదు. నీళ్లలో గాలి మెల్లగా తగ్గి హద్దు దాటేసరికి పెట్టె ఆగిపోయి ఉంది, సైరన్ మోగలేదు. అవతలి షెడ్డులో మేత కలుపుతున్న ఎర్రయ్య వచ్చేసరికి, మర్నాడు చెరువులకి వెళ్లాల్సిన పిల్లలన్నీ తొట్టె అడుగున తెల్లగా పడున్నాయి.

"మోగనేదు బాబూ, నిజంగా మోగనేదు" అని అంటూనే ఉన్నాడు యజమానితో.

పెట్టెని కంపెనీకి తెచ్చారు. ఫణి సార్ ఏసీ గదిలో నడిపి చూశారు. ఆ చల్లదనానికి నేను తిరగకపోయినా అది చక్కగా నడిచింది. పెట్టెలో లోపం లేదు, మనిషి నిద్రపోయాడు అని రిపోర్టు రాశారు. కింద పైడితల్లి సంతకం కూడా పెట్టించారు. ఎర్రయ్య పని పోయింది.

పైడితల్లికి ఆ సంతకమే గుర్తొస్తూ ఉండేది. వారం తర్వాత పెట్టె తనలో తాను రాసుకున్నవన్నీ కూర్చుని చదివింది. 'ఫ్యాను జవాబు ఏడు. ఫ్యాను లేదు.' అక్కడ ఆగిపోయింది. తీసేసిన నాలుగు వరుసలూ మళ్లీ రాసి, తీగ మార్చకుండానే నన్ను నడిపింది. మళ్లీ ఏడే అన్నాను. అయినా తిరిగాను, పూర్తి స్పీడులో. పైడితల్లి కళ్లు తుడుచుకుని, ఈసారి ఫణి సార్‌ని అడక్కుండా, తప్పు మాదేనని హేచరీ యజమానికి ఉత్తరం రాసింది.

"ఇప్పుడెందుకమ్మా, వేరే మనిషిని పెట్టేసుకున్నాం" అన్నాడాయన ఫోనులో.

పైడితల్లి ఆరా తీసి, నన్ను సంచిలో వేసుకుని ఫిషింగ్ హార్బరుకి వెళ్లింది. ఎర్రయ్య అక్కడ ఐసు మోస్తున్నాడు. జరిగిందంతా చెప్పింది. అతను తడిచేత్తో నన్ను పట్టుకుని, వేలితో రెక్క తిప్పి చూశాడు.

"బాగానే తిరుగుతోంది కదా."

"తప్పు నాది బాబాయ్. ఆ కాగితం మీద సంతకం నాదే."

ఎర్రయ్య రెక్క తిప్పడం ఆపాడు.

"నాను నిద్రపోనానని రాసేముందు, ఒక్కసారొచ్చి నన్ను అడగాల్సింది కదమ్మా" అన్నాడు. కోపంగా కాదు. నన్ను ఆమె చేతిలో పెట్టేసి, ఐసు దిమ్మ ఎత్తుకోడానికి వంగాడు.